చీకటి పెట్టెలో పట్టుపురుగు: వైరస్ వెలుగును కొలిచే ప్రాజెక్టు డైరీ

ఎలుకలో వైరస్‌ను వెలుగుతో వెంబడించడం ఎలాగో చెప్పే ప్రోటోకాల్స్ చాలానే దొరుకుతాయి. అదే పని పట్టుపురుగులో, అదీ ఖరీదైన ఇమేజింగ్ యంత్రం లేకుండా చెయ్యాలంటే మాత్రం ఎవరి తిప్పలు వాళ్లు పడాల్సిందే. మేం పడ్డవి దశలవారీగా కింద రాస్తున్నాను. పెట్టె కొలతల కంటే ఏది ఎందుకు మార్చామన్నదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

## ఈ పురుగు, ఈ వైరస్ ఎందుకు

పట్టు రైతుకు గ్రాసరీ పేరు చెబితే చాలు, ముఖం మాడిపోతుంది. ఒళ్లు ఉబ్బుతుంది, కణుపులు పొంగుతాయి, తోలు చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. దానికి కారణం బీఎంఎన్‌పీవీ, కీటకాలకు సోకే బాక్యులోవైరస్‌లలో ఒకటి. మనుషులకు సోకదు. దాని పాలీహెడ్రిన్ (స్ఫటిక కవచం కట్టే ప్రోటీన్) జన్యువు స్థానంలో మరో జన్యువును పెడితే ఆ ప్రోటీన్‌ను పురుగే తయారుచేసి పెడుతుందని జపాన్‌లో మయేడా బృందం 1985లో ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌తో చూపించింది. లూసిఫెరిన్ అనే పదార్థంతో చర్య జరిపి మిణుగురుకు వెలుగునిచ్చే ఎంజైమ్ లూసిఫెరేజ్. దాని జన్యువును అమెరికాలో క్లోన్ చేసిందీ ఆ ఏడాదే. పదేళ్లకు, 1995లో, బెంగళూరు ఐఐఎస్‌సీలో గోపీనాథన్ బృందం ఈ రెంటినీ కలిపింది. లూసిఫెరేజ్ మోసే బీఎంఎన్‌పీవీతో పట్టుపురుగు కణాల్లోనూ పురుగుల్లోనూ ఆ ఎంజైమ్‌ను దండిగా రాబట్టింది.

మా దగ్గరున్నదీ ఆ తరహా వైరసే. పురుగుకు లూసిఫెరిన్ సూది వేస్తే, వైరస్ పనిచేస్తున్న చోట వెలుగు వస్తుంది. సహకరించే ల్యాబ్ నుంచి తయారుగా వచ్చింది కాబట్టి దాన్ని తయారుచేసే సంగతి ఈ డైరీలో ఉండదు.

ఇక అవసరం. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో నాగరాజు బృందం ఆర్‌ఎన్‌ఏఐతో (ఎంచుకున్న జన్యువుల నోరు మూయించే పద్ధతి) ఈ వైరస్‌ను తట్టుకునే పట్టుపురుగులను రూపొందించింది. ఆ పని 2013లో ప్రచురితమైంది. అలాంటి పురుగు వైరస్‌ను నిజంగా ఆపుతోందా, చావును రెండు రోజులు వెనక్కి నెడుతోందా? రోజుకో గుంపును కోసి చూస్తే సగటు తెలుస్తుంది గానీ, ఒక్కో పురుగులో ఏం జరిగిందో తెలియదు. అదే పురుగును రోజూ చూడాలి.

ఒక చిక్కు ముందే చెప్పాలి. మా వైరస్‌లో పాలీహెడ్రిన్ లేదు. గ్రాసరీలో రక్తం తెల్లబడేది పాలీహెడ్రా అనే వైరస్ స్ఫటికాల వల్లే కాబట్టి, రైతు కంటికి తెలిసిన ఆ పాల గుర్తు మా పురుగుల్లో రాదు. స్ఫటిక కవచం లేకపోవడంతో వైరస్ బయట ఎక్కువకాలం నిలవదు, ఆకు మీదుగా సరిగా సోకదు. జాగ్రత్త కోణంలో అది మంచిదే. కానీ నమ్ముకోవడానికి మిగిలింది వెలుగొక్కటే.

## దశ 1: చీకటి

సామాను:

1. 12 మి.మీ. ప్లైవుడ్ పెట్టె, లోపల మ్యాట్ నలుపు. మూత అంచు గాడిలో దిగాలి, గాడిలో నల్ల ఫోమ్.
2. నక్షత్రాల ఫొటోలకు వాడే చల్లబరిచే మోనోక్రోమ్ (నలుపు తెలుపు) కెమెరా, సీమాస్ రకం చిప్‌ది. రంగుల కెమెరా వద్దు, దాని ఫిల్టర్లే సగం పైగా వెలుగు మింగేస్తాయి.
3. 25 మి.మీ. లెన్స్, ఎఫ్ 0.95.
4. బొమ్మల్లో వెలుగును కొలిచే ఫిజీ సాఫ్ట్‌వేర్. ఉచితం.

మొదట అరువు తెచ్చుకున్న కెమెరా పనికిరాలేదు. ఎక్స్‌పోజర్ నిమిషం దాటితే ఫ్రేము కుడి అంచు దానంతటదే తెల్లబడేది. చిప్‌లోని సర్క్యూట్ల వేడి వల్ల, వెలుగు వల్ల వచ్చే ఈ మెరుపును యాంప్ గ్లో అంటారు. డార్క్ ఫ్రేమును (లెన్స్ మూసి తీసిన ఫొటోను) దీంట్లోంచి తీసేస్తే ఆ తెలుపు పోతుంది గానీ, దాంతో వచ్చిన గరుకుదనం అక్కడే ఉంటుంది. మనం వెతికే సిగ్నల్ ఆ గరుకుదనం కంటే చిన్నది. యాంప్ గ్లో లేని చిప్ ఉన్న కెమెరాకు మారాం. మైనస్ 15 డిగ్రీల దగ్గర పెట్టాం. ఇంకా కిందికి దించితే లాభం కంటే కిటికీ అద్దం మీద మంచు పేరుకునే గొడవ ఎక్కువ.

తర్వాత అసలు తలనొప్పి. సాయంత్రం పరీక్షలో పాసైన పెట్టె మధ్యాహ్నం ఫెయిలయ్యేది. పరీక్ష ఇలా చేస్తాం:

1. లెన్స్‌కు మూత పెట్టి 60 సెకన్ల ఫ్రేములు 5.
2. లెన్స్ మూత తీసి, పెట్టె మూసి, అవే 5.
3. రెండు సగటుల తేడా చూడాలి.

ట్యూబ్‌లైట్ కింద తేడా దాదాపు సున్నా. కిటికీలోంచి ఎండ పడే వేళ 38 కౌంట్లు (పిక్సెల్‌కు కెమెరా ఇచ్చే అంకె). ఫోమ్ మార్చాం, గాడి లోతు పెంచాం. ఒరిగిందేమీ లేదు. చివరికి దొంగ దొరికింది: వైరు వచ్చే కంత చుట్టూ కట్టిన నల్ల గుడ్డ. కంటికి కటిక నలుపే, పరారుణ కాంతికి మాత్రం జల్లెడ. సిలికాన్ చిప్ సుమారు 1000 నానోమీటర్ల దాకా చూస్తుంది. ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్‌లో ఆ కాంతి లేనట్టే, ఎండలో బోలెడు. గుడ్డ కింద అల్యూమినియం రేకు ఒక పొర చుట్టి, వైరును రెండు వంపులు తిప్పి లోపలికి తెచ్చాం. తేడా 1 కౌంటుకు దిగింది. నల్ల బట్ట, నల్ల టేపు, నల్ల ప్లాస్టిక్ దేన్నైనా ఎండలో పరీక్షించాకే నమ్మండి.

కెమెరా వెనకున్న చిన్న ఎల్‌ఈడీ మీద కూడా రేకు అంటించాలి. ఇది ప్రతి ఒక్కరూ చెబుతారు, ప్రతి ఒక్కరూ వదిలేస్తారు.

బిన్నింగ్, అంటే పక్కపక్క పిక్సెళ్లను ఒకటిగా కలపడం గురించి ఒక మాట. పాత సీసీడీ రకం చిప్‌లలో పిక్సెళ్లను చిప్‌లోనే కలిపితే రీడ్ నాయిస్ (చదివేటప్పుడు చేరే గరుకు) ఒక్కసారే పడేది. సీమాస్‌లో సాధారణంగా చదివాకే కలుపుతాం కాబట్టి 4×4 బిన్నింగ్‌లో ఆ నాయిస్ 4 రెట్లవుతుంది. సిగ్నల్ 16 రెట్లవుతుంది కాబట్టి అప్పటికీ లాభమే, కాకపోతే సీసీడీ ప్రోటోకాల్‌లో రాసినంత రాదు. ఒకే 300 సెకన్ల ఫ్రేముకు బదులు 60 సెకన్లవి 5 తీసి మీడియన్ (మధ్య విలువ) తీసుకుంటున్నాం. కాస్మిక్ కిరణాల చుక్కలు, హాట్ పిక్సెళ్లు దాంతోనే పోతాయి.

ఇప్పటిదాకా: పురుగులు 0, లూసిఫెరిన్ 0 మి.గ్రా.

## దశ 2: వైరస్ లేని పురుగూ వెలిగింది

పురుగులు బైవోల్టైన్ (ఏడాదికి రెండు తరాలు) సంకరాలు, నాలుగో జ్వరం (తోలు విడిచే నిద్ర) నుంచి లేచినవి, అంటే అయిదో దశవి. 25 డిగ్రీల దగ్గర, రోజూ తాజా మల్బరీ ఆకుతో పెంపకం. ఒంటి మీద అర్ధచంద్రాకారపు మచ్చలున్న వాటిని పక్కన పెట్టి సాదా పురుగులనే తీసుకున్నాం. మచ్చ వెలుగును మింగుతుంది.

వైరస్ ఎక్కించని పురుగులను పెట్టెలో పెట్టి మొదటి ఫ్రేము తీస్తే తళతళలాడింది. అందులో మూడు దొంగ వెలుగులున్నాయి.

ఒకటి తెల్ల ప్లాస్టిక్ ట్రే. గది వెలుగును తాగి, మూత వేశాక నిమిషాల తరబడి మెల్లగా కక్కుతుంది. తెల్ల కాగితం, లేబుల్ స్టిక్కర్లు కూడా అంతే.

రెండోది ఆకు. పచ్చని ఆకును వెలుగులోంచి చీకట్లోకి తెస్తే కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగం వెనక్కి తిరిగి కొంత ఎరుపు కాంతిని వదులుతుంది. దాన్ని డిలేడ్ ఫ్లోరెసెన్స్ అంటారు. పురుగు నోటి దగ్గర అతుక్కున్న గోరంత ఆకు ముక్క మా మొదటి ‘ఇన్ఫెక్షన్’.

మూడోది పురుగు పెంటికలు. ఆకు వెలుగు కంటే తక్కువే గానీ, కంట్రోల్ (పోల్చడానికి పెట్టిన, వైరస్ లేని) పురుగు పక్కన పడితే లెక్క తారుమారవుతుంది.

మార్పులు:

1. ట్రే తీసేసి నల్ల అక్రిలిక్ పలక పెట్టాం.
2. ఇమేజింగ్‌కు 4 గంటల ముందు మేత ఆపేశాం.
3. ఒంటిని తడి బ్రష్‌తో తుడిచి, ఎర్ర లైటు కింద పెట్టెలోకి మార్చాం.
4. మూత వేశాక 5 నిమిషాలు ఊరికే వదిలేసి, అప్పుడు మొదటి ఫ్రేము.
5. ప్రతి పలక మీదా లూసిఫెరిన్ ఇచ్చిన, వైరస్ లేని పురుగు ఒకటి తప్పనిసరి.

అయిదోది ఎందుకంటే, లూసిఫెరిన్ తనంతట తానే ఆక్సీకరణ చెంది కొంచెం వెలుగు ఇవ్వగలదు. మా కెమెరాకు అది కనబడలేదు. అయినా కంట్రోల్ తీసెయ్యలేదు, తీసెయ్యను.

ఇప్పటిదాకా: పురుగులు 12. లూసిఫెరిన్: 6 పురుగులు × 0.6 = 3.6 మి.గ్రా. (రెండో సీసా లెక్క. మొదటి సీసా కథ దశ 4లో.)

## దశ 3: కదలకుండా ఉంచడం

అయిదు నిమిషాలు కదలకుండా పడుకోమంటే పట్టుపురుగు వినదు. తల ఎత్తి అటూ ఇటూ ఊపుతుంది, ఆకు కోసం పాకుతుంది. ఎలుకకైతే ఐసోఫ్లురేన్ అనే మత్తుమందు ఉంది. పురుగుల ల్యాబుల్లో మామూలుగా చేసేవి రెండు: ఐసు, లేదా కార్బన్ డయాక్సైడ్. వైరస్ ఎక్కించి 72 గంటలైన పురుగులతో రెండూ చూశాం.

ఐసు మీద పురుగు బాగానే బిగుసుకుంది. వెలుగు మూడో వంతుకు పడిపోయింది. లూసిఫెరేజ్‌కు నచ్చే వేడి 25 డిగ్రీల చుట్టుపక్కల, చల్లబడితే చర్య నెమ్మదిస్తుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం, ఫ్రేములు తీస్తుండగానే పురుగు వేడెక్కడం. 1వ ఫ్రేము నుంచి 5వ ఫ్రేముకు వెలుగు పెరుగుతూ పోయింది. ఎరగనివాళ్లు చూస్తే లూసిఫెరిన్ ఇంకా పాకుతోందనుకుంటారు. పైగా ఒంటి మీద చెమ్మ పట్టి ప్రతి బొట్టూ చిన్న భూతద్దమై కూర్చుంది.

మా పెంపకం గది చూసుకునే పెద్దాయనది అనంతపురం వైపు, ఇంట్లో తరతరాలుగా పట్టు పనే. ఐసు పెట్టెలోకి తొంగిచూసి, “ఏం మేడమ్, జరమొచ్చినోని మాదిరి వొణుకుతాండాది. దాన్ని ఇట్ల సతాయిస్తే ఏం చెప్తాది మీకు?” అన్నాడు. మాట నిజమే.

కార్బన్ డయాక్సైడ్ ఇంకా అధ్వానం. వెలుగు బ్యాక్‌గ్రౌండ్ దాకా పోయింది. ఆలోచిస్తే వింతేమీ లేదు. లూసిఫెరేజ్ చర్యకు లూసిఫెరిన్, ఏటీపీ (కణాల ఇంధనం), మెగ్నీషియంతో పాటు ఆక్సిజన్ కావాలి. పురుగును మత్తులో పెట్టడానికి తీసేసింది ఆ ఆక్సిజన్‌నే. మళ్లీ గాలి తగలగానే ఒక్కసారి భగ్గున వెలిగి తర్వాత మామూలు స్థాయికి వచ్చింది. ఆక్సిజన్ లేనప్పుడు ఎంజైమ్ మీద సగంలో ఆగిన చర్య పేరుకుపోయి, గాలి రాగానే ఒక్కపెట్టున పూర్తవుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కొలవడానికి పనికిరాదు.

చివరికి నిలిచిన పద్ధతిలో మందూ లేదు, చలీ లేదు:

1. నల్ల అక్రిలిక్ పలకలో 11 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. లోతు గాళ్లు తవ్వించాం. పురుగు సగం పైన, సగం లోపల.
2. తల వైపు, తోక వైపు నల్ల సాగే దారం ఒక్కో పట్టీ, వదులుగా.
3. రెండు పక్కలా నల్లచుక్కల్లా కనబడే శ్వాసరంధ్రాలు గాడి గోడకు ఒత్తుకోకూడదు. అందుకే గాడి అడుగు గుండ్రం, పైకి వచ్చేకొద్దీ వెడల్పు.
4. గాళ్ల మధ్య 15 మి.మీ. ఎత్తు నల్ల గోడలు.

నాలుగోది మొదట లేదు. బాగా వెలిగే పురుగు వెలుగు చెదిరి పక్క గాడిలోని కంట్రోల్ మీద పడేది. గోడలు నిలబెట్టాక ఆ గొడవ తీరింది. ఒంటి మధ్య భాగం ఎలాగూ పెద్దగా కదలదు. తల ఊపినా లెక్కలోకి తీసుకునే ప్రాంతం నుంచి తలను మినహాయించాం.

ఇప్పటిదాకా: పురుగులు 30. లూసిఫెరిన్ 3.6 + 10.8 = 14.4 మి.గ్రా.

## దశ 4: లూసిఫెరిన్

మొదటి సీసా సంగతి. ఆర్డరు పెట్టింది పొటాషియం లవణానికి, వచ్చింది ఆమ్ల రూపం. పంపిన వాళ్లు రెండూ ఒకటేనన్నారు. ఒకటి కాదు. లవణం అణుభారం 318.4, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఆమ్లం 280.3, మామూలు బఫర్‌లో కరగదు. కరిగించడానికి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తూ పోతే పీహెచ్ ఎక్కడో ఓ చోట దాటిపోతుంది. క్షారంలో డి-లూసిఫెరిన్ రూపం మారుతుంది. డీహైడ్రోలూసిఫెరిన్ కూడా పుడుతుంది, అది ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఆ ద్రావణంతో వచ్చిన వెలుగు రెండో సీసాలో పదో వంతు కూడా లేదు. సీసా రాగానే లేబుల్ మీద అణుభారం చూడండి. అర నిమిషం పని.

ఇదే కారణంతో ఆకు మీద లూసిఫెరిన్ రాసి తినిపిద్దామన్న ఆలోచన మానుకున్నాం. పట్టుపురుగు మధ్యాంత్రం (పేగు నడిమి భాగం) పీహెచ్ 10 పైమాటే, అంటే అక్కడంతా క్షారమే.

ఎలుకకు మామూలు మోతాదు కిలోకు 150 మి.గ్రా., కడుపులోకి సూది, 10 నుంచి 20 నిమిషాలకు శిఖరం. దాన్నే 4 గ్రాముల పురుగుకు తగ్గించి 15 మి.గ్రా./మి.లీ. ద్రావణం 40 మైక్రోలీటర్లతో మొదలుపెట్టాం. అంటే 0.6 మి.గ్రా. తర్వాత 10, 20, 40 మైక్రోలీటర్లు, ఒక్కోదానికి 5 పురుగులు.

20కీ 40కీ వెలుగులో తేడా కనబడలేదు. 10కి మాత్రం స్పష్టంగా తగ్గింది. 20 తీసుకున్నాం. ఇందులో ఇంకో మెలిక ఉంది. అయిదో దశ మొదట్లో పురుగు గ్రాము బరువు, చివరికి నాలుగైదు గ్రాములు. అదే మోతాదు రోజురోజుకూ పల్చనవుతుంది. 3.5 గ్రాముల పురుగులో కూడా 20 మైక్రోలీటర్లు సరిపోతున్నాయి కాబట్టి స్థిర మోతాదుతో నడిపించవచ్చు. గ్రాము పురుగులోకి 40 ఎక్కిస్తే సగం బయటికే వచ్చేస్తుంది.

సమయం విషయంలో పురుగు నయం. రక్తనాళాల వల లేదు, ఒళ్లంతా ఒకే చెరువు. సూది పడ్డ 5 నిమిషాలకే తోక దాకా వెలుగు వచ్చింది, 8 నుంచి 20 నిమిషాల దాకా దాదాపు సమంగా నిలిచింది. మొదటి ఫ్రేము 10వ నిమిషంలో అని ఖాయం చేశాం.

సూది వేసే తీరు:

1. సూది అమర్చే ఉన్న ఇన్సులిన్ సిరంజి, 31 గేజి.
2. పొట్ట కింది కాలు మొదలు దగ్గర, ఒంటికి దాదాపు సమాంతరంగా, తల వైపు. నిటారుగా పొడిస్తే పేగు చిల్లుపడి ఆకుపచ్చ ద్రవం వస్తుంది. ఆ పురుగును లెక్కలోంచి తీసెయ్యండి.
3. మెల్లగా తోసి, 10 లెక్కపెట్టి, అప్పుడు సూది తియ్యాలి. లేకపోతే లోపలి ఒత్తిడికి రక్తం చివ్వున చిమ్ముతుంది.
4. చిన్న దూదితో ఒత్తి ఆపాలి.

పొడిచిన చోట కొన్ని గంటల్లో నల్లబొట్టు ఏర్పడుతుంది. మెలనిన్ పేరుకోవడం పురుగు ఆత్మరక్షణ. బొమ్మలో అది వెలుగు లేని చిల్లులా కనిపిస్తుంది. అందుకే రోజుకో కాలు మార్చాం, ఆ కణుపులను కొలతలోంచి మినహాయించాం.

ఇప్పటిదాకా: పురుగులు 45. లూసిఫెరిన్ 14.4 + 5.25 = 19.65 మి.గ్రా.

## దశ 5: అయిదు రోజుల పరుగు

మొదలుపెట్టే ముందు ఒక దిద్దుబాటు. ఎఫ్ 0.95 లెన్స్ మధ్యలో వెలుగును దండిగా పడుతుంది, మూలల్లో పిసినారి. సమంగా వెలిగించిన తెల్ల కాగితం ఫొటో తీస్తే మూలల్లో 40 శాతం తక్కువ వచ్చింది. ఆ ఫ్రేముతో భాగించి సరిచేశాం, పైగా పురుగుల గాళ్లను రోజూ చీటీ తీసి మార్చాం. సరిచేసినా మూలల్లో గరుకు ఎక్కువే ఉంటుంది, చీటీ అందుకు.

గుంపులు మూడు:

1. వైరస్ ఎక్కించి రోజూ చూసేవి: 10
2. వైరస్ లేనివి, రోజూ చూసేవి: 5
3. వైరస్ ఎక్కించి ఒక్కసారే చూసేవి: రోజుకు 4 చొప్పున 20

మూడో గుంపు ఎందుకంటే, రోజూ సూది పొడవడమే జబ్బు దారిని మారుస్తోందేమో తెలియాలి. ‘అదే జంతువును రోజూ చూస్తాం’ అని గొప్పగా చెప్పుకునే పద్ధతికి ఈ గుంపు లేకపోతే కాళ్లు లేనట్టే.

రోజూ చూసిన గుంపు, కంట్రోల్‌తో పోలిస్తే ఎన్ని రెట్లు (మీడియన్):

24 గంటలు: 1.1
48 గంటలు: 9
72 గంటలు: 140
96 గంటలు: 310
120 గంటలు: 120

మొదటి రోజు ఏమీ లేకపోవడం వైరస్ లేకపోవడం కాదు. మా లూసిఫెరేజ్ పాలీహెడ్రిన్ ప్రమోటర్ (జన్యువును ఎప్పుడు నడపాలో నిర్ణయించే డీఎన్‌ఏ మీట) కింద ఉంది. అది వైరస్ జీవితచక్రంలో చిట్టచివర లేచేది. అంటే మేం చూసేది వైరస్ రాకను కాదు, కణాన్ని పూర్తిగా ఆక్రమించాక నడిచే ఆఖరి ఘట్టాన్ని. తొలి గంటలు కావాల్సినవాళ్లు ముందే పనిచేసే ప్రమోటర్ ఉన్న వైరస్ వెతుక్కోవాలి.

అయిదో రోజు తగ్గుదల ఇంకా మోసకారి. అదే పురుగుల నుంచి కొద్దిగా రక్తం తీసి క్యూపీసీఆర్ (డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) చేస్తే వైరస్ డీఎన్‌ఏ 96 నుంచి 120 గంటలకు తగ్గలేదు. వెలుగే తగ్గింది. చచ్చిపోతున్న కణంలో ఏటీపీ ఉండదు, ఏటీపీ లేకపోతే ఎంజైమ్ ఎంతున్నా దండగ. తట్టుకునే వంగడంలో వెలుగు తగ్గితే ‘వైరస్ ఓడిపోయింది’ అని రాసేయకుండా, పక్కన డీఎన్‌ఏ కొలత పెట్టాల్సింది ఇందుకే. 72 గంటల దాకా రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకునే నడిచాయి. మా పోలికలన్నీ ఇకపై 48, 72 గంటల దగ్గరే.

ఒక్కసారే చూసిన గుంపు 96 గంటల దాకా దాదాపు ఇవే అంకెలిచ్చింది. 120 దగ్గర మాత్రం 170. రోజూ సూది పడ్డవాటిలో 3 పురుగులు అప్పటికే పోయాయి. రోజుకు 4 పురుగులతో గణాంకాలు మాట్లాడకూడదు గానీ, సూది భారం చివరి రోజుల్లో ఉందనే అనుకుంటున్నాను. వచ్చే విడతలో సూదులు తగ్గిస్తాం.

బొమ్మల్లో అందరినీ ఆకట్టుకున్నది వేరు. 48 గంటలకు రెండు పక్కలా, శ్వాసరంధ్రాల వెంట, చుక్కలు చుక్కలుగా వెలుగు. శ్వాసనాళాలే బాక్యులోవైరస్‌కు ఒళ్లంతా పాకే దారి అని మరో బాక్యులోవైరస్ మీద 1994లోనే ప్రచురించారు కాబట్టి ల్యాబంతా సంబరపడింది. నాకు అనుమానం. శ్వాసరంధ్రాల దగ్గర ఆక్సిజన్ ఎక్కువ. ఎక్కువ ఆక్సిజన్ ఉన్నచోట అంతే ఎంజైమ్ ఎక్కువ వెలగవచ్చు. రెండు పురుగులను 48 గంటలకు కోసి, లోపలి కొవ్వు కణజాలాన్ని గాలిలో పరచి, లూసిఫెరిన్ చల్లి ఫొటో తీశాం. అక్కడ చుక్కల వరస లేదు, కొవ్వు పొరంతా ఎగుడుదిగుడుగా వెలిగింది. కాబట్టి ఆ అందమైన చుక్కల్లో ఎంత వైరస్‌దో, ఎంత గాలిదో ఈ బొమ్మలతో తేలదు. పోస్టర్‌లో ఆ బొమ్మ పెట్టొద్దని గొడవపడ్డాను, పెట్టలేదు.

తోలు కూడా తన వాటా తీసుకుంటుంది. పట్టుపురుగు చర్మం తెల్లగా ఉండేది అందులోని యూరిక్ ఆమ్లపు రేణువుల వల్ల. పసుపుపచ్చ ఎల్‌ఈడీ మీద తోలు ముక్క పరచి కొలిస్తే అవతలికి వచ్చింది మూడో వంతే. పైగా లూసిఫెరేజ్ 37 డిగ్రీల ఎలుకలో 610 నానోమీటర్ల ఎరుపు వైపు జరుగుతుంది, 25 డిగ్రీల పురుగులో 560 దగ్గరే ఉండిపోతుంది. ఎరుపు కణజాలంలోంచి తేలిగ్గా బయటపడుతుంది, మనకు ఆ అదృష్టం లేదు. ఎక్కువ వెలుగునిచ్చే నానోలూసిఫెరేజ్‌కు మారమని సలహా వచ్చింది. దాని వెలుగు 460, నీలం. పసుపు రక్తం ఉండే జాతుల్లో ఆ పసుపునిచ్చే కెరోటినాయిడ్లు ఆ నీలాన్నే మింగేస్తాయి. కాబట్టి అది ప్రస్తుతానికి పక్కన.

ఇప్పటిదాకా: పురుగులు 80, కోసిన 2 వేరు. లూసిఫెరిన్: రోజూ చూసిన వైరస్ పురుగులు 14.1, కంట్రోల్ 7.5, ఒక్కసారివి 6, కలిపి 27.6. మొత్తం 47.25 మి.గ్రా. లెక్క ప్రకారం 100 మి.గ్రా. సీసాలో 52.75 మిగిలుండాలి. నిజంగా ఉన్నది 2.9 మి.లీ., అంటే 43.5. కోసిన పురుగుల మీద చల్లింది కొంత, మిగతాదంతా సిరంజి మొనల్లో ఉండిపోయింది. కొనేముందు అయిదో వంతు అదనంగా లెక్కేసుకోండి.

## దశ 6: పారవెయ్యడం, తర్వాతి విడత

మనుషులకు సోకదు కదా అని తేలిగ్గా తీసుకునే పని కాదు ఇది. జన్యుమార్పిడి వైరస్ కాబట్టి సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే ఉండాలి. హిందూపురం, మదనపల్లె లాంటి పట్టు ప్రాంతాల్లో ఈ పని చేసేవాళ్లకు ఇంకా కచ్చితంగా వర్తిస్తుంది:

1. వైరస్ పురుగుల గదిలో వాడిన ఏదీ పెంపకం గదికి పోకూడదు. బ్రష్‌తో సహా.
2. పురుగులు, పెంటికలు, మిగిలిన ఆకు అన్నీ సంచీలో కట్టి ఆటోక్లేవ్: 121 డిగ్రీలు, 30 నిమిషాలు.
3. పలక, గాళ్లు 2 శాతం బ్లీచింగ్ పౌడర్‌లో నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టాలి. బ్లీచింగ్ మిగిలితే మర్నాటి లూసిఫెరిన్ పాడవుతుంది.
4. ఆరోగ్యంగా కనిపించే కంట్రోల్ పురుగులను కూడా గూళ్లు కట్టడానికి పంపొద్దు. పెద్దాయన అడుగుతాడు, జాలేస్తుంది, అయినా వద్దు.

మిగిలిన 43.5 మి.గ్రా. అంటే ఖాతాలో 145 సూదులు, సిరంజి మింగేది తీసేస్తే 115 అనుకుంటున్నాం. వాటితో చూడబోయేది ‘ఓడీ’ మ్యూటెంట్ పురుగు. దాని తోలులో యూరిక్ ఆమ్లం పేరుకోదు, నూనె కాగితంలా పారదర్శకంగా ఉంటుంది. మామూలు పురుగుతో పక్కపక్క గాళ్లలో, 48, 72 గంటలకు. తోలు మింగే మూడింట రెండు వంతులు తిరిగొస్తే 36 గంటలకే ఏమైనా కనబడుతుందేమో చూడాలి. గుడ్లు ఇంకా రాలేదు.